ఎనిమిది పేటల తాడు

వెనక రాతితలుపు దబ్బున మూసుకుంది. కువలయుడు తిరిగి చూడలేదు. ముందు మెట్లున్నాయి, మెట్ల పైన వెలుగుంది. భుజాన వేలాడుతున్న తమలపాకుల సంచిని ఒక చేత్తో అదిమిపట్టి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఎక్కుతూనే తలపాగా సర్దుకున్నాడు. ఒకచోట నిలబడి సర్దుకునే ఓపిక అతనికి పుట్టుకతోనే లేదు.

పుష్కలగిరి రాజుకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు రణంజయుడు. యువరాజ పట్టాభిషేకం జరుగుతుండగా, నిండు సభలో, నగలతో కవచంతో సహా అతన్ని భస్మకంఠుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి ఎత్తుకుపోయాడు. రెండోవాడు కువలయుడు. అన్న పోతే సింహాసనం ఇతనిది. ఊరంతా ఆ మాటే అనుకుంది, అదీ గొంతు తగ్గించుకోకుండా. వాళ్ళను తిట్టడానికైనా ఆగకుండా కువలయుడు బయలుదేరాడు. మొసళ్ళ వాగు ఈది, గద్దముక్కు కొండ కావలివాళ్ళకు ఉమ్మెత్త కలిపిన తాంబూలాలు తినిపించి, అడపగాడి వేషంలో ఇక్కడిదాకా వచ్చాడు. పెద్దవాళ్ళ పక్కన నిలబడి ఆకు చుట్టి అందించే అడపగాడి ముఖం ఎవరూ చూడరు. చేతులే చూస్తారు.

మెట్లు ఒక సభలోకి తెరుచుకున్నాయి. కొండ కడుపంతా తొలిచి కట్టిన సభ అది. పైకప్పు చీలికలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ బంగారు స్తంభంలా దిగుతోంది. గోడల నిండా పచ్చలు తాపిన నెమళ్ళు. ఎండ జరిగినప్పుడల్లా వాటి మెడలు తిరిగినట్టు మెరుస్తున్నాయి. స్ఫటికపు దూలాల నుంచి రంగురంగుల పట్టు తలపాగాలు తోరణాల్లా వేలాడుతున్నాయి. అవి ఎవరివో, వాటి కింద ఉండాల్సిన తలలు ఏమయ్యాయో అడగక్కర్లేదు.

సభకు మధ్యలో నేల లేదు. అక్కడ పెద్ద గొయ్యి. అడుగున కరిగిన రాయి ఎర్రగా కుతకుతా ఉడుకుతోంది. ఆ గోతి మీద ఒక వెదురు పంజరం వేలాడుతోంది. పంజరాన్ని మోసే తాడు పైకప్పులో బిగించిన గిలక మీదుగా ఇవతలికి వచ్చి, గోతి అంచున ఉన్న రాతిగుంజకు కట్టి ఉంది. పంజరంలో కిరీటంతో, బంగారు కవచంతో, భుజకీర్తులతో రణంజయుడు నిటారుగా నిలబడి ఉన్నాడు. పట్టాభిషేకం ఇంకా జరుగుతున్నట్టే ఉంది వాలకం.

"రా అడపగాడా," అన్నాడు భస్మకంఠుడు.

దంతపు పీఠం మీద కూర్చున్నాడు వాడు. బూడిదరంగు జుట్టు మోకాళ్ళ దాకా ఉంది. "చెయ్యి చాపు."

కువలయుడు చాపాడు.

"ఆకులకు సున్నం రాసి రాసి అడపగాడి బొటనవేలు గోరుదాకా కొరుక్కుపోయి ఉంటుంది. నీది వెన్నముద్దలా ఉంది. ఉంగరం తీసిన చోట మచ్చ కూడా ఉంది. అంత దూరం ఈది వచ్చావు, ఒక్క పూట సున్నం పూసుకోలేకపోయావా రాకుమారా?"

కువలయుడు తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. "అయితే వేషం అక్కర్లేదు. మా అన్నను వదులు."

"ఒరే కువలయా!" పంజరంలోంచి కేక వచ్చింది. "తలపాగా నేలకేసి కొడతావా? మన వంశంలో ఎవరైనా అలా చేశారా?"

"నువ్వు కాసేపు ఊరుకో అన్నా."

భస్మకంఠుడు నవ్వాడు. నడుములోంచి చురకత్తి తీసి కువలయుడి కాళ్ళ దగ్గర పడేశాడు. "ఒక్క వేటు చాలు. తాడు తెగుతుంది, నువ్వు రాజువవుతావు. నేను చంపానని చెప్పుకో. కాదనేవాళ్ళు లేరు."

కువలయుడు కత్తిని కాలితో గోతిలోకి తన్నాడు. అది కిందికి చేరకముందే కరిగిపోయింది.

"సరే. అయితే తాంబూలాలు తీయి. తెచ్చావుగా?" మాంత్రికుడు చప్పట్లు కొట్టాడు.

నెమళ్ళ గోడ రెండుగా విడిపోయింది. ఐదు భూతాలు బయటికి వచ్చాయి. ముందు నుదుట ఒకే కన్నున్నవాడు. వాడి వెనక నెత్తిన కొమ్మున్న వాడు. ఆ తర్వాత ధాన్యపు గాదె అంత పొట్టతో బానపొట్ట. నేల ఊడ్చే జడవాడు ఒకడు. ఆఖర్న మోకాలెత్తు పొట్టిగాడు, గోళ్ళు కొరుక్కుంటూ.

"వీళ్ళ జుట్టుతోనే ఆ తాడు పేనాను," అన్నాడు మాంత్రికుడు. "ఎనిమిది పేటలు. వీళ్ళలో ఎవరు బలవంతుడో వీళ్ళకే తెలియదు. నేను తెలియనివ్వలేదు. బలం వరసలో ఐదుగురికీ తాంబూలం ఇవ్వు, మీ అన్నను తీసుకుపో. వరస తప్పితే అవమానపడ్డవాడు నిన్ను నమిలేస్తాడు. తెలుసుకోవాలంటే ఇద్దరిద్దరి చేత పంజా పట్టించు. వీళ్ళది మనుషుల బలం కాదు, పూటకో రకంగా మారదు. ఒకసారి గెలిచినవాడు ఎప్పుడూ గెలుస్తాడు. కాకపోతే ఒకడు ఓడినప్పుడల్లా తాడులో ఒక పేట తెగుతుంది. ఎనిమిదోది తెగితే మీ అన్న కిందికి పోతాడు."

"ఆ తలపాగాల వాళ్ళు?"

"అందరూ రాజకుమారులే. అందరూ ఒకే పని చేశారు. అదేమిటో నేనెందుకు చెబుతాను?"

"నేను చెబుతాను!" పంజరంలోంచి రణంజయుడు అందుకున్నాడు. "కువలయా, శ్రద్ధగా విను. సభామర్యాద ప్రకారం ముందు అగ్రతాంబూలం ఎవరిదో తేలాలి. అందరికన్నా పెద్దవాణ్ణి ముందు పట్టుకో. వాడికి ఇవ్వు. ఆ తర్వాత మిగిలినవాళ్ళలో పెద్దవాణ్ణి వెతుకు. అలా వరసగా దిగు."

మాంత్రికుడి పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. కువలయుడు ఆ నవ్వు చూశాడు. వేలాడుతున్న తలపాగాల వంక చూశాడు. అందులో ఒక్కడూ అగ్రతాంబూలం మాట మరిచిపోయేంత మొరటుగా పెరిగి ఉండడు. అలా వరసగా దిగితే పది పంజాల దాకా పడతాయి, పేటలు ఎనిమిదే. చచ్చింది అందుకే.

తను మొరటుగానే పెరిగాడు. అన్న మర్యాదలు నేర్చుకుంటున్నంత కాలం తను పొట్టేళ్ళ దొడ్లో ఉన్నాడు. పందెపు పొట్టేళ్ళలో ఏది ఏపాటిదో తెలియాలి, కానీ ఒక్కో ఢీకి ఒక్కో పొట్టేలు పుర్రె అరుగుతుంది. దొడ్లో ఎవరూ ఊరికే ఢీ కొట్టించరు.

"అన్నా, నీకు పొట్టేళ్ళంటే అసహ్యం కదూ?"

"ఇప్పుడు ఆ మాటెందుకు?"

"ఏం లేదు. ముక్కు మూసుకో." కువలయుడు భూతాల వైపు తిరిగాడు. "కొమ్ముగాడా, బానపొట్టా, మీరిద్దరూ. రండి రండి, నిలబడి ఏం చూస్తారు?"

ఇద్దరూ రాతిపలక మీద మోచేతులు ఆనించారు. పంజా కలిసింది. సభ అదిరింది. నెమళ్ళ కళ్ళలోంచి పచ్చలు రాలాయి. బానపొట్ట చెయ్యి పలక మీద పడింది.

గుంజ దగ్గర టప్‌మని ఒక పేట తెగింది. పంజరం జానెడు కిందికి జారింది.

"పొద్దున ఏమీ తినలేదు," అన్నాడు బానపొట్ట.

"తినకుండా ఎప్పుడున్నావురా నువ్వు?" అన్నాడు జడగాడు.

"నీ సంగతి ఇప్పుడు తేలుతుంది, దా." కువలయుడు వాణ్ణి ఒంటికన్ను ముందు కూర్చోబెట్టాడు. ఈసారి చాలాసేపు పట్టింది. పలక పగుళ్ళిచ్చింది. చివరికి జడగాడు ఓడాడు. రెండో పేట తెగింది. జడగాడు ఎవరి ముఖమూ చూడకుండా మూలకు పోయి కూర్చున్నాడు.

"ఇప్పుడు గెలిచినవాళ్ళిద్దరూ."

ఒంటికన్ను కొమ్ముగాణ్ణి కూలదోశాడు. మూడో పేట తెగింది. పంజరం ఒక పక్కకు ఒరిగింది. గోతిలోంచి ఆవిరి బుస్సున లేచి వెదురుకు తగిలింది.

ఇప్పటికి ఒక వరస దొరికింది. ఒంటికన్ను కింద కొమ్ముగాడు, వాడి కింద బానపొట్ట. జడగాడు ఒంటికన్ను కింద ఎక్కడో ఉన్నాడు. పొట్టిగాడి సంగతి ఇంకా తెలియదు. వాడు గోళ్ళు అయిపోయి వేళ్ళు కొరుక్కుంటున్నాడు.

"పొట్టిగాణ్ణి ఒంటికన్నుతో పెట్టు!" అరిచాడు రణంజయుడు. "అగ్రతాంబూలం తేలిపోతుంది. నా మాట విను. పెద్దవాణ్ణి చెబుతున్నాను!"

పొట్టిగాడు ఒంటికన్ను చేతిలో ఓడితే, వాడు కొమ్ముగాడికి పైనో కిందో, బానపొట్టకు పైనో కిందో ఇంకా అడగాలి. నడిమివాడితో పెడితే గెలిచినా ఓడినా సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

"పొట్టిగాడా, కొమ్ముగాడితో."

"ఏమన్నావు?" రణంజయుడి గొంతు పగిలింది. "నేను చెప్పింది..."

"వినపడింది అన్నా."

జన్మలో మొదటిసారి అన్న మాట కాదన్నాడు. దానికి తీరిగ్గా భయపడే వ్యవధి కూడా దొరకలేదు. పొట్టిగాడు ఎగిరి పలక మీద కూర్చుని, కొమ్ముగాడి చేతిని దోమను కొట్టినట్టు కొట్టాడు.

నాలుగో పేట తెగింది.

"వీణ్ణా నేను ఇన్నాళ్ళూ 'ఒరే చంటీ' అని పిలిచింది?" కొమ్ముగాడు మణికట్టు రుద్దుకున్నాడు.

"రేపటి నుంచి అన్నయ్యా అను," అన్నాడు పొట్టిగాడు.

వెంటనే వాణ్ణి ఒంటికన్ను ముందుకు తోశాడు కువలయుడు. ఒంటికన్ను గెలిచాడు. ఐదో పేట తెగింది. పంజరం మూరెడు జారింది. రణంజయుడి కాళ్ళకున్న బంగారు అందెలు కాలడం మొదలైంది. అతను కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు, కిరీటం మాత్రం తీయలేదు.

మిగిలింది జడగాడు. మూలలో ముడుచుకుని ఉన్నాడు.

"వాడికి చివరి తాంబూలం ఇచ్చెయ్," అన్నాడు భస్మకంఠుడు చల్లగా. "మొదట్లోనే ఓడినవాడు. ఇంకా రెండు పేటలు ఎందుకు పోగొట్టుకుంటావు? మీ అన్న ప్రాణం కన్నా వాడి మర్యాద ఎక్కువా?"

రణంజయుడు కూడా ఆ మాటే అన్నాడు. "అవును, ఓడినవాడు ఓడినవాడే. ఇచ్చెయ్!"

కువలయుడి చెయ్యి సంచిలోకి పోయింది. ఐదు తాంబూలాలూ చుట్టి ఉన్నాయి. మూడు పేటలు మిగిలి ఉన్నాయి. మూలలో ఆ జడగాడు తల వంచుకుని, తనకు రాబోయేది ముందే ఒప్పుకున్నవాడిలా కూర్చున్నాడు. దొడ్లో ఒక పొట్టేలు ఉండేది, మొదటి ఢీలోనే ఓడింది. దాన్ని కోతకు తోలారు. అది ఓడింది ఆ ఏడాది రాజ్యమంతా గెలిచిన పొట్టేలు చేతిలో అని తర్వాత తెలిసింది.

చెయ్యి సంచిలోంచి ఖాళీగా బయటికి వచ్చింది.

"జడగాడా, లే. నువ్వు ఓడింది ఎవరి చేతిలో? ఒంటికన్ను చేతిలో. వాడి చేతిలో ఓడనివాడు ఇక్కడ ఎవడున్నాడు? కొమ్ముగాడితో పంజా పట్టు."

"మళ్ళీ నడిమివాడేనా?" మాంత్రికుడు పీఠం మీద ముందుకు జరిగాడు. నవ్వు పోయింది.

జడగాడు లేచాడు. జడను నడుముకు చుట్టుకున్నాడు. కొమ్ముగాడి చెయ్యి పలకకు తగిలిన దెబ్బకు పలక రెండు ముక్కలైంది. ఆరో పేట తెగింది.

"ఇక బానపొట్టతో పని లేదు. పొట్టిగాడా, రా."

"నేనా? ఇప్పుడే కదా అన్నయ్యనయ్యాను!"

పలక లేదు. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని పంజా పట్టారు. పొట్టిగాడి ముఖం ఊదారంగుకు తిరిగింది. జడగాడు పళ్ళ సందులోంచి బుసకొడుతున్నాడు. గోడల మీద నెమళ్ళన్నీ ఊడి కింద పడ్డాయి. పొట్టిగాడి చెయ్యి నెమ్మదిగా, నెమ్మదిగా ఒరిగి నేలను తాకింది.

ఏడో పేట తెగింది. పంజరం గిర్రున తిరిగింది. ఒంటి పేట మీద ఆగింది.

కువలయుడు పరుగున తాంబూలాలు పంచాడు. ఒంటికన్నుకు మొదటిది. జడగాడికి రెండోది. ఆ తర్వాత పొట్టిగాడికి, కొమ్ముగాడికి, ఆఖర్న బానపొట్టకి. ఐదుగురూ కళ్ళకద్దుకుని నోట్లో పెట్టుకున్నారు. ఎవరూ ఎవరినీ నమల్లేదు.

"నాకు ఇంకొకటి దొరుకుతుందా?" అన్నాడు బానపొట్ట.

"మాట ఇచ్చావు," అన్నాడు కువలయుడు మాంత్రికుడితో. "పంజరం ఇవతలికి లాగించు."

భస్మకంఠుడు కదల్లేదు. కదిలింది ఒంటికన్ను. వాడు తాంబూలం నములుతూ పీఠం వైపు నడిచాడు. నలుగురూ వరస తప్పకుండా వెనక నడిచారు.

"మాలో పెద్ద ఎవరో తెలియక ఇన్నేళ్ళూ ఒకళ్ళనొకళ్ళం చూసి ఆగిపోయాం," అన్నాడు ఒంటికన్ను. "ఇప్పుడు తెలిసింది. ఇక ఒక్క సందేహమే ఉంది. ఈ వరసలో నువ్వెక్కడ దొరా?"

వాడి పంజా మాంత్రికుడి చేతిని పట్టుకుంది.

"ఆగరా!" భస్మకంఠుడు కీచుమన్నాడు. "రాకుమారా, ఆపు వీణ్ణి! ఆ మిగిలిన పేట రంగు చూడు! అది వీళ్ళ జుట్టు కాదు, నాది! నేను ఓడితే అది తెగుతుంది!"

కువలయుడు చూశాడు. తెగి వేలాడుతున్న ఏడూ నల్లవి. అన్నను మోస్తున్నది బూడిదరంగు పేట.

"ఒంటికన్నూ, ఆగు!"

ఒంటికన్నుకు వినిపించలేదు. వాడి చేతి నరాలు తాళ్ళలా ఉబ్బాయి. మాంత్రికుడి మోచెయ్యి పీఠం మీదికి వంగుతోంది. కువలయుడు గుంజ దగ్గరికి ఒక్క దూకు దూకాడు. పేటకు పైన, గిలక వైపు తాడు బాగానే ఉంది. తెగినవన్నీ గుంజకు కట్టిన చోటే తెగాయి. బాగున్న తాడును నడుముకు రెండు చుట్లు చుట్టి, కొసను పిడికిట్లో బిగించాడు.

పీఠం ఫెళ్ళున విరిగింది. భస్మకంఠుడు కెవ్వుమన్నాడు. బూడిదరంగు పేట తెగింది.

పంజరం రాయిలా కిందికి పోయింది. కువలయుడు బాణంలా పైకి లేచాడు.

"కాళ్ళు పట్టుకోండిరా!" గాలిలోంచి అరిచాడు.

కింద నాలుగు భూతాలు తలలెత్తి చూస్తున్నాయి. ఒంటికన్ను మాంత్రికుడి మీద కూర్చుని ఉన్నాడు.

"పెద్దాయన ముందు పట్టుకోవాలి కదా," అన్నాడు జడగాడు వినయంగా. "ఆ తర్వాత నేను. ఆ తర్వాత పొట్టి. నువ్వే కదా బాబూ వరస చెప్పావు?"

"ఏమైందిరా?" ఆవిరిలోంచి రణంజయుడి కేక. "ఎవరూ పట్టుకోరేం?"

"మర్యాద అన్నా! మర్యాద!"

తాడు నడుమును కోస్తోంది. గిలక దగ్గరపడుతోంది. అవతల కొస వెదురు పంజరమే, అంత బరువుండదు. బరువంతా అందులో ఉన్న బంగారానిది.

"నీ ఒంటి మీద ఉన్నదంతా తీసి పారెయ్! కవచం, భుజకీర్తులు, అన్నీ!"

"ఒరే, అది పట్టాభిషేకపు..."

"అన్నా!"

కింద బొందులు ఊడదీస్తున్న చప్పుడు. ఆ తర్వాత కవచం గోతిలో పడ్డ సవ్వడి వచ్చింది. భుజకీర్తులు పడ్డాయి. అందెలు, కంకణాలు, రత్నాల మొలనూలు. ఒక్కోటి పడినప్పుడల్లా తాడు వేగం తగ్గింది. ఆగింది. ఆపైన నిదానంగా పంజరం పైకి, కువలయుడు కిందికి రాసాగారు. కానీ అది కూడా మధ్యలో తడబడింది. పంజరం మళ్ళీ వేలెడు కిందికి దిగింది.

"ఇంకా ఏముంది నీ దగ్గర?"

రణంజయుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కిరీటం తీశాడు. ఒకసారి దాని వంక చూసి, వెదురు సందులోంచి వదిలేశాడు.

పంజరం పైకి వచ్చింది. కువలయుడు దిగాడు. ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా, సరిసమానంగా వచ్చిన చోట తాడు ఆగిపోయింది. అన్న కనుబొమలు కాలిపోయి ఉన్నాయి. బోసి తలతో చిన్నవాడిలా ఉన్నాడు. పంజరం వెనక, సభ గోడలో, ఇందాక నెమలి ఊడిపడిన చోట ఒక సొరంగం నోరు తెరుచుకుని ఉంది. అందులో ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డారు. ఎవరో కనిపించలేదు.

పైన గిలక ఇరుసు పెటపెటలాడింది. ఒక చెక్కముక్క ఊడి ఇద్దరి మధ్య నుంచి మంటలోకి పోయింది.

రణంజయుడు పైకి చూశాడు, కిందికి చూశాడు. తమ్ముడి వంక చూశాడు. పుట్టిన దగ్గరినుంచీ ఆజ్ఞలే తప్ప మరో మాట రాని నోరు అది.

"ఏం చెయ్యమంటావురా?" అని అడిగాడు.

"ఊగు," అన్నాడు కువలయుడు, సొరంగం వైపు చూస్తూ.